ఏకాంత ప్రార్థన, ఆత్మీయ విశ్రాంతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం, ఇల్లు, సంఘ పరిచర్య మధ్య నలిగిపోతున్న విశ్వాసులు ఏకాంతం గురించి అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి, కాస్త సంకోచిస్తూ అడుగుతారు. జవాబు సగంలో ఉండగానే ఎవరో ఒకరు పిలుస్తారు, మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ చేర్చి, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవడానికి వీలుగా జవాబులు రాశాను.

## మొదలుపెట్టక ముందు

ఏకాంతం అంటే ఒంటరితనమే కదా? దాన్ని కోరి తెచ్చుకోవడం ఎందుకు?

మన భాషలోనే దీనికి జవాబు ఉంది. ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలనుకున్నప్పుడు "మీతో ఏకాంతంగా మాట్లాడాలి" అంటాం. అంటే ఆ మాటలో ఇద్దరున్నారు. మూడో మనిషి లేకపోవడమే ఏకాంతం. ఒంటరితనంలో ఉన్నవారు తమకు తోడెవరూ లేరని కుమిలిపోతారు. ఏకాంత ప్రార్థనలో ఉన్నవారు తోడున్న దేవునితో మాట్లాడటానికి మిగిలిన గొంతులను కాసేపు పక్కన పెడతారు. నిజంగా ఒంటరితనంతో బాధపడుతున్నవారికి మాత్రం నేను ముందుగా ఏకాంతాన్ని సూచించను. వారికి మొదట కావలసింది పలకరించే మనుషులు, కలిసి ప్రార్థించే నలుగురు.

యేసు ప్రభువు ఎప్పుడూ జనం మధ్యే ఉన్నాడు కదా? ఆయన నిజంగా ఏకాంతంగా గడిపాడా?

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కపెర్నహూములోని ఒక సాయంత్రాన్ని చూడండి. పొద్దు గుంకిన తరువాత పట్టణమంతా ఆ ఇంటి వాకిట చేరింది, ఆయన అనేక రోగులను స్వస్థపరచాడు. మర్నాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. సీమోను, అతనితో ఉన్నవారు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. వాకిట నిలిచినవారి అవసరం నిజమైనదే. అయినా ఆయన వెనక్కి వెళ్లలేదు, ఇతర గ్రామాలలో ప్రకటించడానికి వెళ్దామన్నాడు. ఎవరి పిలుపుకు ఔననాలో, దేనికి కాదనాలో ఆయన తండ్రి సన్నిధిలో తేల్చుకున్నాడని ఆ వాక్యభాగం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

ఇది ఒక్కసారి జరిగిన సంగతి కాదు. పన్నెండుమందిని ఏర్పరచుకునే ముందు రాత్రంతా కొండ మీద ప్రార్థనలో గడిపాడని లూకా రాశాడు. బాప్తిస్మమిచ్చు యోహాను మరణవార్త విన్నప్పుడు దోనె ఎక్కి ఏకాంత స్థలానికి బయలుదేరితే, జనం కాలినడకన ముందే అక్కడికి చేరుకున్నారు. ఆయన విసుక్కోలేదు, కనికరపడ్డాడు, వారికి భోజనం పెట్టాడు. ఆ తరువాత అందరినీ పంపివేసి, ఒంటరిగా కొండెక్కాడు. ఏకాంతం చెదిరిపోయిన రోజున ఆయన చేసింది అదే: వచ్చినవారిని ప్రేమించాడు, పోయిన సమయాన్ని సాయంత్రం మళ్లీ వెతుక్కున్నాడు.

నాకు అరనిమిషం తీరిక లేదు. ఇదంతా తీరిక ఉన్నవాళ్లకు కదా?

"మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అని ప్రభువు పిలిచింది తీరిక ఉన్నవారిని కాదు. వచ్చేవారూ పోయేవారూ ఎక్కువై, భోజనం చేయడానికైనా అవకాశం లేని శిష్యులను. "కొంచెముసేపు" అన్న మాటను కూడా గమనించండి.

రెండు ఉద్యోగాలు చేస్తున్నవారికి, మంచంలో ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటున్నవారికి తీరిక నిజంగానే ఉండదు. వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. మిగిలినవారు మూడు రోజుల పాటు ఒక చిన్న పుస్తకంలో, ప్రతి అరగంట దేనికి ఖర్చయిందో దాచుకోకుండా రాసి చూడండి. పడుకున్నాక ఫోన్ చూస్తూ గడిపే ముప్పావుగంట, నిజానికి మీరు లేకపోయినా జరిగిపోయే ఒక సమావేశం అక్కడ కనబడవచ్చు. అందులోంచి పది నిమిషాలు తీయడం చాలామందికి సాధ్యమే.

ఇంటిపని మిగిలి ఉండగా కూర్చుంటే స్వార్థం అనిపిస్తుంది. మార్త లేకపోతే ఆ ఇంట్లో భోజనం ఎవరు వండేవారు?

యేసు తమ ఇంటికి వచ్చినప్పుడు సహోదరి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంటే, మార్త ఒక్కతే పనులతో సతమతమైంది. ఆమె విషయంలో మన ప్రసంగాలు చాలాసార్లు అన్యాయం చేశాయి. యేసు ఆమె చేసే పనిని తప్పుపట్టలేదు. "నీవనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అని, ఆమె లోపల జరుగుతున్నదాన్ని ఎత్తి చూపాడు. ఆమె పేరును రెండుసార్లు పిలవడంలోనే ఎంతో ఆప్యాయత ఉంది. యోహాను సువార్త 11వ అధ్యాయంలో, సహోదరుడు సమాధిలో ఉండగా, ఆయనే దేవుని కుమారుడైన క్రీస్తని స్పష్టంగా ఒప్పుకున్నది కూడా ఈ మార్తే.

ఇంటిపని ఎప్పటికీ పూర్తి కాదు. అది పూర్తయ్యాక కూర్చుంటాననుకుంటే ఏ రోజూ కూర్చోలేరు. అందరూ ఒక మనిషి పని మీదే ఆధారపడి ఉంటే, ఆ పనిని పంచుకోవడం కూడా ఆత్మీయ విషయమే అని ఇంట్లోవారితో మాట్లాడవలసి ఉంటుంది.

## మొదటి వారాలు

రోజుకు ఎంతసేపు కూర్చోవాలి?

పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఒక గంట సంకల్పించి నాలుగో రోజున మానేయడం కంటే, పది నిమిషాలు నలభై రోజులు నిలబెట్టుకోవడం మేలు. సమయం తనంతట తానే పెరుగుతుంది.

తెల్లవారుజామునే చేయాలా? నేను రాత్రి డ్యూటీ చేస్తాను.

బైబిలులో ఒకే గడియ అంటూ నియమం లేదు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. దావీదు పడక మీద, రాత్రి జాములలో దేవుణ్ని తలచుకున్నాడు. వేకువ మంచిదని పెద్దలు చెప్పడానికి కారణం ఆ వేళకు ఏదో ప్రత్యేక మహిమ ఉండటం కాదు, అప్పటికి ఇంకా ఎవరూ మనల్ని పిలవడం మొదలుపెట్టకపోవడం. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక, పడుకునే ముందు మీకు ఆ నిశ్శబ్దం దొరికితే అదే మీ వేకువ. రోజూ తప్పకుండా చేసే పని ఏదైనా ఒకటి ఎంచుకుని, స్నానం లాంటిది, దాని వెంటనే కూర్చోవడం అలవాటు చేసుకుంటే గుర్తుపెట్టుకోవలసిన అవసరమే ఉండదు.

కూర్చున్నాక ఏం చేయాలి? రెండు నిమిషాల్లో ప్రార్థన అంశాలన్నీ అయిపోతున్నాయి.

అంశాలు అయిపోయిన చోటే అసలు సంగతి మొదలవుతుంది. ఇక్కడ తొందరపడకుండా రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో గీగో అనే కార్తూసియన్ మఠాధిపతి, అప్పటికే శతాబ్దాలుగా సంఘంలో ఉన్న ఒక పద్ధతిని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరక నిలిచి ఉండటం. మీరు ఏ సంఘానికి చెందినవారైనా ఈ నాలుగూ పనికి వస్తాయి.

ఉదాహరణకు 131వ కీర్తన తీసుకోండి. మూడే వచనాలు. పెదవులు కదిలేలా, మీ చెవికి మాత్రమే వినబడేలా ఒకసారి చదవండి. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదువుతూ, ఏ మాట దగ్గర మనసు ఆగిందో అక్కడ ఆగండి. పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు తన ప్రాణం నిమ్మళంగా ఉందంటాడు కీర్తనకారుడు. పాలు తాగే పిల్ల తల్లి ఒడిలోకి రాగానే పాల కోసం తడుముకుంటుంది, దొరక్కపోతే ఏడుస్తుంది. పాలు మానిన పిల్ల తల్లి ఒడి కోసమే వచ్చి, ఏమీ అడగకుండా ఆమె భుజం మీద తల వాల్చి కూర్చుంటుంది. ఈ తేడా దగ్గర రెండు నిమిషాలు ఉండండి. నేను దేవుని దగ్గరికి వచ్చేది ఎప్పుడూ ఏదో ఒకటి అడగడానికేనా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. అప్పుడు ఆ ప్రశ్ననే ప్రార్థనగా ఆయనకు చెప్పండి. చెప్పడం అయిపోయాక వెంటనే లేవకండి. మిగిలిన రెండు మూడు నిమిషాలు ఆ పిల్లలాగే కూర్చోండి.

ఒక పూటకు ఇంతే చాలు. మర్నాడు అదే కీర్తనకు తిరిగి వచ్చినా తప్పులేదు.

కళ్లు మూసుకోగానే చేయాల్సిన పనులన్నీ వరసగా గుర్తొస్తాయి. ఏకాగ్రత కుదరడం లేదు.

అందరికీ ఇలాగే ఉంటుంది. పక్కన ఒక కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. "కరెంటు బిల్లు" అని గుర్తొస్తే ఆ రెండు మాటలు రాసేసి తిరిగి రండి. రాసిపెట్టిన దాన్ని మనసు పట్టుకుని వేలాడదు. తిరిగి రావడానికి ఒక చిన్న ప్రార్థన ఉంటే మంచిది. తూర్పు సంఘాలలో శతాబ్దాలుగా "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అన్న ఒక్క వాక్యాన్నే ఊపిరితో కలిపి ప్రార్థిస్తున్నారు.

ఒక నెల తరువాత ఆ కాగితాలను వరసగా పరిచి చూడండి. బిల్లులు, సరుకులు మారుతూ ఉంటాయి గాని, ఏదో ఒక పేరు, ఏదో ఒక భయం ప్రతి కాగితం మీదా కనబడుతుంది. అది పరధ్యానం కాదు, ఇన్నాళ్లూ మీరు దేవునితో మాట్లాడకుండా దాటవేస్తున్న అంశం.

మౌనంగా కూర్చోవడం వేరే మతాల ధ్యానం కాదా? క్రైస్తవులు చేయవచ్చా?

ఈ జాగ్రత్త ఉండటం మంచిదే. అయితే మౌనం బైబిలుకు కొత్తది కాదు. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్నది 46వ కీర్తన. తన ప్రాణం దేవుని నమ్ముకొని మౌనంగా ఉందని 62వ కీర్తన మొదలవుతుంది. మొదటి కీర్తనలో "ధ్యానించువాడు" అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు లోగొంతుతో చదువుకోవడం, గొణుక్కోవడం అన్న అర్థం ఉంది. అంటే అక్కడ ధ్యానం ఖాళీ మనసుతో జరగడం లేదు, దేవుని మాటను నమలడంగా జరుగుతోంది. మూడు నాలుగు శతాబ్దాలలో ఈజిప్టు ఎడారిలో నివసించిన క్రైస్తవ పెద్దలు మౌనాన్ని సాధన చేశారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైన క్వేకర్లు అనే క్రైస్తవ సమాజపు ఆరాధన మౌనం మీదే నిలబడింది.

మనకు గీటురాయి ఒక్కటే: ఈ మౌనం ఎవరి ఎదుట? క్రీస్తులో తనను తాను వెల్లడి చేసుకున్న దేవుని మాట విని, ఆయన ఎదుట మౌనంగా ఉంటే అది క్రైస్తవ ప్రార్థనే. అందుకే వాక్యం లేకుండా ఉత్త మౌనంతో మొదలుపెట్టవద్దని కొత్తవారికి చెబుతాను.

ప్రార్థనలో కూర్చుంటే నిద్ర వచ్చేస్తోంది. ఇది పాపమా?

రోజూ నిద్ర వస్తుంటే మీ శరీరానికి నిద్ర బాకీ ఉందని అర్థం. వేకువనే లేచి, పొద్దుపోయాక పడుకుంటూ కష్టార్జితం తినడం వ్యర్థమని, దేవుడు తన ప్రియులకు నిద్రలో ఉండగానే ఇస్తాడని 127వ కీర్తన చెబుతుంది. అరగంట ముందు పడుకోండి. కూర్చుంటే కునుకు వస్తే, నడుస్తూ ప్రార్థించండి.

ఫోన్‌లో బైబిలు చదివితే తప్పేంటి?

తప్పేమీ లేదు. చూపు మందగించినవారికి ఆడియో బైబిలు గొప్ప మేలు కూడా. ఇబ్బందల్లా అదే తెర మీద ఆఫీసు, కుటుంబం గ్రూపు, వార్తలు అన్నీ ఉండటమే. పైనుంచి జారిన ఒక్క మెసేజ్ చాలు, మనం కీర్తనలోంచి వెళ్లిపోవడానికి. అచ్చు బైబిలు ఉంటే దాన్నే వాడి, ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. బోర్లించి పక్కన పెట్టుకున్నా మన చెవి దాని మీదే ఉంటుంది.

## ఇల్లు, ఉద్యోగం, పరిచర్య మధ్య

నాకు ఇద్దరు పసిపిల్లలు. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్న వాక్యం చదివితే ఏడుపొస్తుంది. తలుపు వేసుకునేది ఎలా?

మీ కన్నీళ్లలో అపనమ్మకం లేదమ్మా, అలసట ఉంది. దేవునికి ఆ తేడా తెలుసు. పందొమ్మిదిమంది పిల్లలను కని, వారిలో చాలామందిని పసితనంలోనే పోగొట్టుకున్న సుసన్నా వెస్లీ (మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి) గురించి ఒక మాట తరతరాలుగా చెప్పుకుంటారు. ఆమె తన ఏప్రన్‌ను తల మీదికి లాక్కుని కూర్చుంటే, అమ్మ ప్రార్థనలో ఉందని, కదిలించకూడదని పిల్లలకు తెలిసేదట. ఆమె గది ఆ గుడ్డ ముక్కే.

మీ గది రాత్రి మూడింటికి బిడ్డకు పాలిస్తున్న ఆ ఇరవై నిమిషాలు కావచ్చు. ఆ గోడకు ఎదురుగా, మసక వెలుతురులో కనబడేంత పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క వచనం రాసి అంటించుకోండి. వారమంతా అదే వచనం ఉండనివ్వండి. ఆ సమయంలో ఫోన్ చేతిలోకి రాకపోతే చాలు. బిడ్డ ఊపిరి, మీ ఊపిరి, ఆ ఒక్క మాట, అంతకుమించి ఎవరూ మిమ్మల్ని అడగరు.

ఇంకో మాట తండ్రులకు. రోజుకు ఇరవై నిమిషాలు పిల్లలను పూర్తిగా మీరు చూసుకుని, మీ భార్యకు తలుపు వేసుకునే అవకాశం ఇవ్వడం మీరు చేయగల గొప్ప పరిచర్యలలో ఒకటి. దాన్ని సహాయం అనకండి, అది మీ వంతు.

పని చేస్తూనే దేవుణ్ని తలచుకుంటాను. దానికి వేరే సమయం ఎందుకు?

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలీయ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ పేరును ఇక్కడ చాలామంది ఎత్తుతారు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ఆయన దేవుని సన్నిధిని అనుభవించిన మాట నిజమే. కానీ ఆయన మఠంలో ఉన్నాడని మరిచిపోతాం. అక్కడ ప్రార్థనకు వేళలు నియమించి ఉన్నాయి, వంటగది వాటి మధ్య నడిచింది. పనిలో దేవుని తలంపు నిలవాలంటే, పని ఆపి ఆయన ఎదుట కూర్చునే వేళ ఒకటి దానికి వేరుగా ఉండాలి.

నేను సంఘంలో బోధిస్తాను. వారమంతా బైబిలు నా చేతిలోనే ఉంటుంది. నాకు ఇది ఎందుకు?

కొన్నేళ్ల పాటు నేనూ ఇలాగే అనుకున్నాను. సండే స్కూల్ పాఠం కోసం చదవడమే నా వాక్య ధ్యానం అయిపోయింది. ఒక రోజు 23వ కీర్తన చదువుతూ, "శాంతికరమైన జలములు" అన్న చోట నా చేయి పెన్సిల్‌తో అంచున "కథ చెప్పాలి, బొమ్మ గీయించాలి" అని రాసింది. ఆ మాటలు చూసుకుని చాలాసేపు కదలలేకపోయాను. నీళ్ల ఒడ్డున నిలబడి పిల్లలకు పంచడానికి కుండ నింపుకుంటున్నాను గాని, నాకు దాహం వేస్తోందన్న సంగతే మరిచిపోయాను.

బోధించేవారికి నేను చెప్పగలిగేది ఒకటుంది. మీరు ఎన్నడూ ప్రసంగించబోని ఒక వాక్యభాగాన్ని ఎంచుకోండి. దాని గురించి నోట్సు రాయకండి, ఎవరికీ పంపకండి, సాక్ష్యంలో చెప్పకండి. అది మీకూ దేవునికీ మధ్య ఉండనివ్వండి. ఇతరుల ద్రాక్షతోటలకు కావలి కాస్తూ తన తోటను కాయలేకపోయిన స్త్రీ మాట పరమగీతము మొదటి అధ్యాయంలో ఉంది. పరిచర్యలో ఉన్నవారు ఆ వచనాన్ని అప్పుడప్పుడు చదువుకోవాలి. ఇక ఆదివారం పాస్టర్లకు పనిరోజు. కాబట్టి వారికి వారంలో వేరొక రోజు విశ్రాంతిగా ఉండాలి, సంఘం దాన్ని గౌరవించాలి, ఆ రోజున అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయకూడదు.

నేను ప్రార్థనకు కూర్చుంటే మా ఆయనకు కోపం వస్తోంది. ఏం చేయను?

ఎప్పుడు కూర్చుంటారో, ఎప్పుడు లేస్తారో ముందే చెప్పి, చెప్పిన నిమిషానికి బయటికి రండి. ఆయన అవసరాన్ని తప్పించుకోవడానికి ప్రార్థనను అడ్డు పెట్టుకుంటున్నారన్న అనుమానం ఉంటే అది మాటలతో పోదు, ఆ నమ్మకమైన సమయపాలనతో నెమ్మదిగా పోతుంది. కోపం బెదిరింపుగా, దెబ్బలుగా మారుతుంటే మాత్రం అది ప్రార్థన సమయం గురించిన సమస్య కాదు. మీరు నమ్మే పెద్దలకు వెంటనే చెప్పండి, రక్షణ పొందండి.

## విశ్రాంతి దినం

విశ్రాంతి దినాచారం ఈనాటికీ క్రైస్తవులకు ఆజ్ఞేనా? శనివారమా, ఆదివారమా?

ఇందులో సంఘాల మధ్య భేదాభిప్రాయం ఉంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారాన్ని ఆచరిస్తారు. ఎక్కువ సంఘాలు పునరుత్థాన దినమైన ఆదివారాన ఆరాధిస్తాయి, క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆ రోజును సెలవుగా శాసించాడు. దినముల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రోమీయులకు, కొలొస్సయులకు రాసిన మాటలు ఈ చర్చలో మరిచిపోకూడదు.

నా మనసును పట్టిన సంగతి వేరు. పది ఆజ్ఞలు బైబిలులో రెండుచోట్ల ఉన్నాయి. నిర్గమకాండము 20లో విశ్రాంతికి కారణం సృష్టి: దేవుడే ఏడవ దినమున విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5లో కారణం విడుదల: మీరు ఐగుప్తులో దాసులై ఉంటిరని జ్ఞాపకం చేసుకోండి. దాసునికి సెలవు ఉండదు. పని ఆపలేని మనిషి, తన యజమాని ఎవరైనా సరే, ఇంకా ఇటుకలు మోస్తూనే ఉన్నాడు. ఆ ఆజ్ఞ ఇంట్లో పనిచేసే దాసునికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ కూడా విశ్రాంతి ఇవ్వమంటుంది. కాబట్టి మనం విశ్రమించడానికి ఇంకొకరి చేత రెట్టింపు పని చేయిస్తే ఆజ్ఞ నెరవేరలేదు.

ఆదివారమే నాకు అన్నిటికంటే అలసటగా ఉంటుంది. ఉదయం ఆరాధన, మధ్యాహ్నం క్వాయర్, సాయంత్రం కమిటీ. విశ్రాంతి ఎక్కడుంది?

మొదట ఒక బాధ్యతను వదులుకోండి. మీరు మానితే ఆగిపోతుందనుకున్న పనిని చేయడానికి, బహుశా ఎవరో ఒకరు పిలుపు కోసం చూస్తూ ఉండవచ్చు.

తరువాత రోజును సాయంత్రం నుంచి లెక్కపెట్టండి. "అస్తమయమును ఉదయమును కలుగగా" అని ఆదికాండము రోజును చీకటితో మొదలుపెడుతుంది. అంటే రోజులో మొదట వచ్చేది నిద్ర. మనం లేచేసరికి దేవుడు అప్పటికే పనిలో ఉంటాడు. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి ఆదివారం ఆరాధన ముగిసేవరకు మీ విశ్రాంతి దినం అనుకోవచ్చు. దీనికి ముందు రోజు సిద్ధపాటు కావాలి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఆరవ దినాన రెండింతల మన్నా కూర్చుకున్నారు. బట్టలు, వంట, పాఠం శనివారం మధ్యాహ్నానికే తెమిలితే ఆ సాయంత్రం నిజంగా మీది అవుతుంది.

సెలవు రోజున సినిమా చూసి, మధ్యాహ్నం నిద్రపోతే అది విశ్రాంతి కాదా?

నిద్ర విశ్రాంతే, దాన్ని ఆత్మీయం కాదని తోసివేయకండి. వినోదం విషయంలో ఒక్కటి చూసుకోండి: అది ముగిసి లేచాక మీ మనసు తేటపడిందా, ఇంకా బరువెక్కిందా? జవాబు మీకు తెలుస్తుంది.

## ఎండిపోయినప్పుడు

ఆరు నెలలుగా క్రమంగా కూర్చుంటున్నాను. ఏమీ అనిపించడం లేదు. విసుగొస్తోంది.

ఈ విసుగు చాలా పాతది. క్రీ.శ. 399లో మరణించిన ఎవాగ్రియస్ అనే ఎడారి సన్యాసి దానికి మధ్యాహ్న పిశాచం అని పేరు పెట్టాడు. సూర్యుడు కదలనట్టే ఉంటాడు, పగలు 50 గంటలంత పొడవుగా తోస్తుంది, సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, భోజనవేళ ఎంత దూరంలో ఉందో లెక్క వేస్తాడు, ఎవరైనా మాట్లాడటానికి వస్తున్నారేమోనని తొంగి చూస్తాడు. ఇప్పుడు కిటికీ స్థానంలో ఫోన్ వచ్చింది, అంతే తేడా. ఆయన ఇచ్చిన మందు కొత్తదేమీ కాదు: గది వదలవద్దు, ఓర్చుకో.

16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసి సిలువ యోహాను ఇంకో మెట్టు లోతుకు వెళ్లి, కొన్నిసార్లు దేవుడే తీపి అనుభవాలను తీసివేస్తాడని, అనుభవాన్ని కాక తననే ప్రేమించడం నేర్పడానికి అలా చేస్తాడని బోధించాడు. ఒప్పుకోని పాపం, ఎవరితోనైనా పగ, మితిమీరిన అలసట లోపల ఉన్నాయేమో మాత్రం పరీక్షించుకోండి. అవేవీ కనబడకపోతే, ఏమీ అనిపించకపోయినా ఆ కుర్చీలో కూర్చోవడమే మీ ప్రేమ.

నిశ్శబ్దంగా కూర్చుంటే పాత గాయాలు, భయాలు పైకి వస్తున్నాయి. ఆపేయాలా?

పగటి రొద కప్పిపెట్టినవి నిశ్శబ్దంలో పైకి రావడం సహజం. కొద్దిగా కన్నీళ్లు వచ్చి, మాట్లాడుకున్నాక మనసు తేలికపడితే కొనసాగించండి. అలా కాక భయం ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే, పాత దారుణం కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టు ఉంటే, ఒంటరిగా కూర్చోవడం ఆపి నమ్మకమైన వారితో కలిసి ప్రార్థించండి, మానసిక వైద్యులను కలవండి. రెండు వారాలకు మించి ప్రతిరోజూ దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది విశ్వాస లోపం కాదు, వైద్యం అవసరమైన స్థితి కావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఈ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసేయమని దేవుణ్ని అడిగాడు. దేవుడు అతన్ని గద్దించలేదు, వెంటనే బోధించనూ లేదు. దూత తట్టి లేపి, కాల్చిన అప్పము, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తినమన్నాడు. మిక్కిలి నిమ్మళమైన ఆ స్వరం వినబడింది ఆ తరువాత, నలభై రాత్రింబగళ్లు నడిచి హోరేబుకు చేరాక.

నెలల తరబడి మానేశాను. మళ్లీ మొదలుపెట్టాలంటే ముఖం చెల్లడం లేదు.

బకాయిలు తీర్చనవసరం లేదు. మన్నా ఏ రోజుది ఆ రోజే. నిన్నటిది ఈ రోజు తినలేదని దేవుడు లెక్క అడగడు. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు మళ్లీ ఆయన్ను తిబెరియ సముద్రతీరాన చూసినప్పుడు, అక్కడ నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. "రండి భోజనము చేయుడి" అని పిలిచాకే, నన్ను ప్రేమిస్తున్నావా అని పేతురును అడిగాడు. రేపు ఉదయం పది నిమిషాలు కూర్చోండి.

## ఒక రోజంతా పక్కకు వెళ్లాలనుకుంటే

సంవత్సరానికి ఒక రోజైనా రిట్రీట్‌గా గడపాలని ఉంది. డబ్బు, ఏర్పాట్లు పెద్దగా కుదరవు. ఎలా చేసుకోవాలి?

రిట్రీట్ కేంద్రం దొరికితే మంచిదే. లేకపోతే వారం మధ్యలో ఖాళీగా ఉండే చర్చి గది, ఊరెళ్లిన స్నేహితుల ఇల్లు, నడవడానికి చోటున్న ఉద్యానవనం చాలు. సొంత ఇల్లు మాత్రం వద్దు, ఉతకని బట్టలు కళ్ల ముందే ఉంటాయి. ఎక్కడ ఉన్నారో ఒకరికి చెప్పి, అత్యవసరమైతే ఎలా చేరుకోవాలో ఏర్పాటు చేసి, ఫోన్ ఆపేయండి.

పుస్తకాలు మోసుకెళ్లకండి. బైబిలు, ఒక నోటుపుస్తకం, తినడానికి సాదా భోజనం, నీళ్లు తీసుకెళ్లండి. మొదటి గంట ఏమీ చేయకండి. నిద్ర వస్తే పడుకోండి, చాలామందికి వస్తుంది కూడా. తరువాత ఒక కీర్తనను నెమ్మదిగా చదివి, దానితోనే చాలాసేపు నడవండి. మధ్యాహ్నం గడిచిన సంవత్సరాన్ని నెలనెలగా తలచుకుంటూ, ఏ నెలలో దేవునికి దగ్గరగా ఉన్నారో, ఎక్కడ దూరమయ్యారో, దేనికి కృతజ్ఞత చెప్పడం మరిచిపోయారో రాయండి. లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో నేర్పిన దినాంత పరీక్షనే ఏడాది పొడవునా సాగదీయడం ఇది. సాయంత్రం ఒక్క ప్రశ్న మిగుల్చుకోండి: వచ్చే నెల నుంచి నేను దేన్ని వదిలేయాలి? కొత్తగా ఏం మొదలుపెట్టాలన్న ప్రశ్న ఆ రోజుకు వద్దు.

చివరి అరగంట వట్టిగా కూర్చుని, వచ్చిన దారినే తిరిగి వెళ్లండి. ఇంటికి చేరాక ఫోన్ తెరవక ముందు, ఇంట్లోవారితో కలిసి భోజనం చేయండి.